మంచినీళ్ళలో ఉప్పు కలిపిన కథ

పోయిన నెల ఇదే పేజీలో చేపల తొట్టికి పాచి పట్టకుండా ఎట్లా చూసుకోవాలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో మహబూబ్‌నగర్ నుంచి ఒక చెల్లెలు ఇలా అడిగింది. "అక్కా, మా పిల్లలు సినిమాలో చూసిన నారింజరంగు చారల చేప కావాలని ఒకటే గొడవ. అది ఉప్పునీళ్ళ చేపట. మా ఇంట్లో ఉన్న తొట్టిలోనే నాలుగు గుప్పెళ్ళ ఉప్పు వేస్తే సరిపోతుందా?"

సరిపోదమ్మా. ఒక్క ముక్కలో ఇట్లా చెప్పి వదిలేయొచ్చు గానీ, రెండేళ్ళ కిందట మా ఇంట్లో అచ్చం ఇదే గొడవ జరిగింది. నేను చేసిన పొరపాట్లు, వాటికి పోయిన రెండు ప్రాణాలు, మా అత్తమ్మ అడిగిన ఒక మాట, ఇవన్నీ చెబితే గానీ జవాబు పూర్తికాదు. అందుకని ఈ వారం రాస్తానన్న వంకాయ పచ్చడిని పక్కన పెట్టాను. కోపం తెచ్చుకోకండి.

మాది నల్లగొండ. అసలు సముద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఊరి పక్కన పానగల్లులో ఉన్నది ఉదయ సముద్రం. పేరుకు సముద్రమే గానీ కృష్ణ నీళ్ళు వచ్చే చెరువు. పెద్ద చెరువు తవ్విస్తే సముద్రమని పేరు పెట్టుకోవడం మా దిక్కు పాత అలవాటు. లేని లోటు అట్లా తీర్చుకున్నారేమో!

మా హాల్లో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న అద్దాల తొట్టి ఉండేది. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, అరడజను నల్ల మాలీలు, అద్దం నాకే సక్కర్ చేప ఒకటి. మా పెద్దవాడు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న రోజులు. 2003లో వచ్చిన ఆ చేపల బొమ్మల సినిమా ఎన్నోసారో చూసి, "అమ్మా, మన తొట్టిని సముద్రం చేద్దాం" అన్నాడు. మావారు పేపరు చాటు నుంచి తల కూడా ఎత్తకుండా "మీ అమ్మ ఒప్పుకుంటే చేసుకో" అన్నారు. అంటే పని నాదని అర్థం. ఆ సంగతి మీకు వేరే చెప్పాలా!

ముందు ఉన్న చేపల సంగతి చూడాలి. గోల్డ్‌ఫిష్ ఉప్పునీళ్ళలో బతకదు. ఎందుకో నాకు మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజు అర్థమైంది. మామిడి ముక్కకు ఉప్పు తగలగానే ముక్కలో నీరంతా ఊటగా బయటికి వస్తుంది కదా, గోల్డ్‌ఫిష్‌కూ అంతే. చుట్టూ ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు మొప్పల గుండా బయటికి పోతుంది. మంచినీళ్ళ చేప నీళ్ళు తాగేది చాలా తక్కువ. సముద్రపు చేప మాత్రం పోయే నీటికి బదులు ఎప్పుడూ తాగుతూనే ఉంటుంది, ఆ ఉప్పును బయటికి నెట్టేసే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది. ఇంటర్ బైపీసీలో దీన్ని ద్రవాభిసరణ అని బట్టీ పట్టాను. అప్పుడు అర్థం కాలేదు, ఇరవై ఏళ్ళు పచ్చళ్ళు పెట్టాక అర్థమైంది.

అందుకని గోల్డ్‌ఫిష్‌లనూ సక్కర్‌నూ మా ఎదురింటి వాళ్ళ తొట్టికి సాగనంపాం. మీరు కూడా దయచేసి చెరువులో మాత్రం వదలకండి. ఈ సక్కర్ మన దేశపు చేప కాదు. చెరువుల్లో, కాలువల్లో పడిందంటే పెరిగి పెద్దదై మన చేపలకు చోటు లేకుండా చేస్తుంది, దాని ముళ్ళకు జాలరుల వలలు చినిగిపోతాయి. పుణ్యమని వదిలితే పాపం చుట్టుకుంటుంది. మాలీలను మాత్రం ఉంచుకున్నాం. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక ఉప్పు. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో ఉన్నది దాదాపు అంతా ఒకటే లవణం, పైగా అయోడిన్ కలిపి ఉంటుంది. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం లాంటివి ఇంకా ఎన్నో ఉంటాయి. అవన్నీ పాళ్ళ ప్రకారం కలిపిన మెరైన్ సాల్ట్ అని అక్వేరియం దుకాణాల్లో అమ్ముతారు. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మా తొట్టిలో ఇసుక, రాళ్ళు పోను నూరు లీటర్ల దాకా పడతాయి. అంటే మూడున్నర నాలుగు కిలోల ఉప్పు. నాలుగు గుప్పెళ్ళు ఏ మూలకు?

సరే, ఉప్పు తెచ్చాం. నీళ్ళు? ఇక్కడే మా అత్తమ్మ వచ్చింది.

మా అత్తమ్మది మర్రిగూడ దిక్కు పల్లె. ఆ దిక్కు నీళ్ళ కథ మా జిల్లాలో తెలియని ఇల్లు లేదు. బావి నీళ్ళు, ఆ తర్వాత బోరు నీళ్ళు తాగి తాగి ఆమె పళ్ళు గోధుమరంగుకు తిరిగాయి, మోకాళ్ళు వంకరపోయాయి, నడుము వంగింది. ఫ్లోరైడ్ అన్నారు డాక్టర్లు. 1970ల్లో నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి, దానికి నల్లగొండ టెక్నిక్ అని మా ఊరి పేరే పెట్టారు. అత్తమ్మ మాత్రం కాపురం చేసినన్నాళ్ళూ బోరు నీళ్ళే తాగింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా వాళ్ళ వాకిట్లోకి వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది.

ఆ రోజు మేము ఆర్వో మిషన్ నుంచి నీళ్ళు పట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో పోస్తున్నాం. మావాడు ఉప్పు ప్యాకెట్ కత్తిరించాడు. అత్తమ్మ కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏంది బిడ్డా, మంచినీళ్ళల్ల ఉప్పు పోస్తున్నరా?"

"చేపలకు నానమ్మా, సముద్రం చేపలకు" అన్నాడు వాడు.

"ఉప్పునీళ్ళ నుంచి తప్పించుకునేటందుకే మా బతుకంత పాయె. మీరేమో మంచినీళ్ళు చేసి, అండ్ల మళ్ళ ఉప్పు కలుపుతున్నరు. గంతకైతే మన బోరు నీళ్ళే పోయరాదు? అవి ఉప్పగనే ఉంటయి గద!"

మావాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వారం రోజులూ ఆ మాటే చెవుల్లో తిరిగింది.

ఆమె మాటలో తర్కం తప్పేమీ కాదు, అందుకని లెక్క చూశాం. మావాడి దగ్గర నీళ్ళ గాఢత చూపించే చిన్న టీడీఎస్ మీటరు ఉంది. మా బోరు నీళ్ళకు 1,400 చూపించింది, అంటే లీటరుకు 1.4 గ్రాములు. సముద్రం దానికి 25 రెట్లు. మనం ఉప్పునీళ్ళని తిట్టుకునేవి సముద్రపు చేపకు చప్పటి నీళ్ళే! ఇంకో సంగతి తెలిసి నోరు తెరిచాను. సముద్రంలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళలో 1.5 దాటకూడదని ప్రమాణం. మర్రిగూడ దిక్కు బోర్లలో అంతకు రెండు మూడు రెట్లు ఉన్నవి దొరికాయి. సముద్రం కన్నా ఎక్కువ ఫ్లోరైడ్ మా అత్తమ్మ కడవతో మోసుకొచ్చి తాగిందన్నమాట.

ఈ లెక్కలు చెప్పాక కూడా బోరు నీళ్ళు ఎందుకు వద్దంటే, వాటిలో ఏ లవణం ఎంత ఉందో మనకు తెలియదు. రాతినేలల నుంచి వచ్చే సిలికా, ఎరువుల నుంచి దిగే నైట్రేటు ఉంటే తొట్టి అంతా గోధుమరంగు పాచి అలుముకుంటుంది. ఖాళీ పలక మీద రాసినట్టు, ఏమీ లేని నీళ్ళు తీసుకుని మనకు కావలసిన లవణాలు మనమే కలపాలి. అందుకే ఆర్వో. కానీ ఆర్వో మిషన్ వెనక పైపు కింద బకెట్ పెట్టి చూశాను. లీటరు మంచినీళ్ళకు మూడు లీటర్ల దాకా బయటికి పోతున్నాయి. నూరు లీటర్ల తొట్టికి మూడు వందల లీటర్లు! ఎన్నేళ్ళుగా వాడుతున్నా ఆ పైపు వంక నేను చూసిందే లేదు. అప్పటి నుంచి ఆ నీళ్ళు ఒక పీపాలో పడతాయి. ఇల్లు తుడవడానికి, బాత్రూములు కడగడానికి, గిన్నెలు తొలిసారి కడగడానికి అవే. మొక్కలకు మాత్రం పోయను, లవణాలు ఎక్కువ కాబట్టి కరివేపాకు మాడిపోయింది ఒకసారి.

తొట్టిని సబ్బు ముట్టకుండా ఉత్త నీళ్ళతో కడిగాం. పాత గులకరాళ్ళు, మొక్కలు తీసేశాం. తొట్టిలో ఎప్పుడైనా చేపల జబ్బుకు రాగి కలిసిన మందు వాడి ఉంటే ఒక మాట గుర్తుంచుకోండి. ఆ రాగి తొట్టిలో మిగిలి ఉంటే, తర్వాత రొయ్య, నత్త లాంటివి పెడితే చంపేస్తుంది. ఉప్పు ఎప్పుడూ తొట్టిలో కలపకూడదు. డ్రమ్ములో కలిపి, గాలి పంపు పెట్టి ఒక రోజు వదిలేయాలి. పాలలో నీళ్ళు చూసే లాక్టోమీటరు లాంటిదే హైడ్రోమీటరు అని ఉంటుంది. అది 1.025 దగ్గర నిలబడితే సముద్రమే.

నీళ్ళు పోశాం. అద్దంలా ఉన్నాయి. పది రోజులు ఆగాం. అంత తేటగా ఉన్నాయి కదా, ఇంకేం చూడాలి అనుకుని హైదరాబాద్ వెళ్ళి చారల చేపల జత తెచ్చాం. మూడో రోజుకు ఒకటి అడుగున పడుకుంది. నాలుగో రోజు తెల్లారేసరికి రెండూ పోయాయి. మావాడు అన్నం తినలేదు. తప్పు నీళ్ళది కాదు, చేపలది కాదు, తొందరపడ్డ నాది.

నేను మర్చిపోయింది తోడు సంగతి. చేప విసర్జించేదంతా అమోనియాగా మారుతుంది, అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా చేస్తాయి, అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తే అప్పుడు చేపకు ప్రమాదం తగ్గుతుంది. ఈ జీవులు కంటికి కనబడవు, నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన అవి ఉన్నట్టు కాదు. పాలు ఎంత తెల్లగా ఉన్నా తోడు పడకుండా పెరుగు కాదు కదా! మంచినీళ్ళ తొట్టిలోని పాత తోడు ఇక్కడ పనిచేయదు. అంత ఉప్పుకు అందులో చాలా భాగం చచ్చిపోతుంది. కొత్తగా తోడు వేసి, పేరుకునేదాకా కదపకుండా ఆగాలి.

రెండోసారి చేప లేకుండానే మొదలుపెట్టాం. ఒక పచ్చి రొయ్య తెచ్చి, పాత మేజోడు గుడ్డలో కట్టి తొట్టిలో వేలాడదీశాం. అది కుళ్ళి అమోనియా వస్తే దాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాసన సంగతి అడక్కండి. చుట్టాలు వస్తే ఊదుబత్తీలు వెలిగించాను. చుక్కల మందు వేసి రంగు చూసే పరీక్ష డబ్బాలు దొరుకుతాయి, వాటితో రెండు రోజులకోసారి చూశాం. అమోనియా పెరిగింది, తగ్గింది. నైట్రైటు పెరిగింది, అదీ తగ్గింది. రెండూ సున్నాకు వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది. అప్పుడు మూడో వంతు నీళ్ళు మార్చాం.

అప్పుడు కూడా ముందు దింపింది మాలీలనే. చాలామందికి తెలియని సంగతి ఇది. మాలీ మంచినీళ్ళలోనూ బతుకుతుంది, మెల్లగా అలవాటు చేస్తే పూర్తి సముద్రపు నీళ్ళలోనూ బతుకుతుంది. బకెట్‌లో వాటిని పెట్టి రోజుకింత చొప్పున ఉప్పునీళ్ళు కలుపుతూ పది రోజుల్లో అలవాటు చేశాం. అవి చక్కగా ఈదుతుంటే అత్తమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇవి మంచినీళ్ళయే గద? ఎట్ల ఓర్సుకుంటున్నయే?" అంది. కొంచెం కొంచెం అలవాటు చేశామన్నాను. "ఆఁ, మాక్కూడ అట్లనే అలవాటయింది" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

చారల చేపలు కొనడానికి రెండోసారి వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో, పేరెందుకు గానీ, వెనక గదిలోకి పిలిచి పగడపు రాళ్ళు చూపించారు. "ఇవి పెడితే తొట్టి త్వరగా సెట్టవుతుంది మేడమ్" అన్నారు. తీసుకోకండి. 2001 నుంచి మన దేశంలో పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. అమ్మినవాళ్ళకే కాదు, ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకూ శిక్ష ఉంది. పిల్లవాడి సరదా కోసం పోలీసు స్టేషన్ మెట్లెక్కే పని మనకెందుకు? సూక్ష్మజీవులు ఉండటానికి సందులున్న పింగాణీ రింగులు చాలు. చేపలు కూడా సముద్రంలో పట్టినవి కాకుండా పెంపకపువి అడగండి. కొచ్చి కేంద్రంగా ఉన్న సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళు విళింజం, మండపం కేంద్రాల్లో ఈ చారల చేపలకు పిల్లలు పెట్టించే పద్ధతులు సాధించారు. తొట్టిలో పుట్టి పెరిగిన చేప మన తొట్టికి తొందరగా అలవాటు పడుతుంది, తిండి కూడా మారాం చేయకుండా తింటుంది.

ఈ చేపల కాపురం గురించి ఒక తమాషా. ఇవన్నీ పుట్టేది మగవే. జతలో పెద్దది ఆడదవుతుంది, పెత్తనమంతా దానిదే. ఆడది చచ్చిపోతే మిగిలిన మగదే ఆడదిగా మారిపోతుంది. ఇది చదివి వినిపిస్తే మావారు పేపరు దించి చూశారు. మొత్తం కథలో ఆయన పేపరు దించింది అప్పుడొక్కసారే.

మొదటి వేసవిలో ఇంకో పొరపాటు జరిగింది. మా దగ్గర మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ రోజుకు లీటరు దాకా ఆవిరైపోతుంది. తగ్గిన చోట నేను డ్రమ్ములో మిగిలిన ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చాను. పప్పుచారు పొయ్యి మీద మరిగి మరిగి దగ్గరపడితే ఉప్పెక్కుతుందని తెలిసిన దాన్నే! నీరు పోతుంది గానీ ఉప్పు పోదు. కొన్నాళ్ళకు హైడ్రోమీటరు 1.029 చూపించింది, చేపలు మూలకు నక్కాయి. ఆవిరైన దానికి ఎప్పుడూ ఉప్పులేని మంచినీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు కలిపేది వారానికి పది లీటర్లు తీసి మార్చేటప్పుడు మాత్రమే.

కరెంటు పోతే ఇంకో తంటా. ఉప్పునీళ్ళలో ప్రాణవాయువు మంచినీళ్ళలో కన్నా తక్కువ నిలుస్తుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. బుడగలు చిట్లిన చోటల్లా ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మా ఇనుప స్టాండు ఏడాదిలో తుప్పు పట్టింది, ఇప్పుడు చెక్కది. వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేటట్టు అమర్చండి, అప్పుడు కారిన నీటి చుక్క ప్లగ్గులోకి కాకుండా నేల మీద పడుతుంది.

రోజూ మంచినీళ్ళు పోసే పని నేను రెండు రోజులు చేసి మూడో రోజు మరిచిపోయేదాన్ని. మావాడు కాలేజీలో చేరి హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. ఒకరోజు చూస్తే తొట్టి అద్దం మీద బయటి వైపు కుంకుమ బొట్టు ఉంది. అత్తమ్మ పెట్టింది. నీళ్ళు ఆ బొట్టు కిందికి దిగితే చెంబుతో ఆర్వో నీళ్ళు తెచ్చి, గోడ పట్టుకుని నిలబడి, బొట్టును తాకేదాకా పోస్తుంది. చెంబులో మిగిలిన గుక్కెడు నీళ్ళు పారబోయదు, తాగేస్తుంది. రెండు వేసవులుగా ఒక్కరోజు తప్పలేదు. ఆ రోజు ఉప్పు ఎందుకు కలిపారని అడిగిన మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

మహబూబ్‌నగర్ చెల్లెలికి: ముందు ఒక జత మాలీలతో, ఒక డ్రమ్ముతో, హైడ్రోమీటరుతో మొదలుపెట్టమ్మా. రెండు నెలలు ఆగగలిగితేనే చారల చేపల మాట పిల్లలకు ఇవ్వు. ఆర్వో వెనక పైపు కింద మాత్రం ఇవాళే బకెట్ పెట్టు. వచ్చే వారం వంకాయ పచ్చడి తప్పకుండా.